‘సెట్’ రైటా, ‘రన్’ రైటా? క్విజ్‌లో ఒక్క పాయింటు పోయింది

గోదారిగట్టు:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న క్విజ్‌లో ‘ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏది?’ అని అడిగారు. మా అమ్మాయి ‘రన్’ అని చెప్పింది. జడ్జి గారి కార్డులో ‘సెట్’ అని ఉందట, తప్పన్నారు. ఒక్క పాయింటుతో కప్పు పోయింది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్ళు ‘రన్’ను సవరిస్తే క్రియకే 645 అర్థాలు తేలాయని 2011లోనే బయటికొచ్చింది. తప్పెవరిది?

పాతపంతులు:
కార్డు రైటే. 1989లో అచ్చయిన రెండో కూర్పు, 20 సంపుటాలు. అందులో అన్నిటికంటే పొడుగు ‘సెట్’ క్రియదే. 430 అర్థాలు, వివరణే దాదాపు 60 వేల మాటలు. మా కాలేజీ లైబ్రరీలో నా చేత్తో పేజీలు తిప్పి చూశాను.

గోదారిగట్టు:
మాస్టారూ, 430 పెద్దదా, 645 పెద్దదా?

పాతపంతులు:
ఒకటి పాత కూర్పు లెక్క, ఇంకొకటి సవరించాక తేలిన లెక్క. 1989 బియ్యం ధరకీ 2011 బియ్యం ధరకీ పోలికేమిటండీ? పైగా ప్రశ్నలో ‘క్రియ’ అనలేదు. టీవీ సెట్, టెన్నిస్ సెట్, సినిమా సెట్, లెక్కల్లో సమితి, ఇవన్నీ కలపండి మరి.

బిట్టు_హైద్రాబాద్:
సెట్ దోశ కలిపితే ఇంకొకటి.

గోదారిగట్టు:
వెటకారం తర్వాత. మా అమ్మాయి గుడ్డిగా చెప్పలేదు. జలుబు చేస్తే ముక్కు ‘రన్’ అవుతుంది, ఉతికితే చీర రంగు ‘రన్’ అవుతుంది, హోటల్ ‘రన్’ చేస్తారు. అమెరికాలో ఎన్నికల్లో నిలబడితే ‘రన్’, అదే పని బ్రిటన్‌లో ‘స్టాండ్’. ఒకచోట పరుగు, ఒకచోట నిలబడటం! ఇవన్నీ ఇంట్లో ఒక నోట్‌బుక్కులో రాసుకుంది.

లలిత_డల్లాస్:
మన ‘పట్టు’ సంగతేంటి? నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, చెమట పట్టింది, శని పట్టింది, గంట పట్టింది, గొడుగు పట్టాడు, చేపలు పట్టాడు. చొక్కా పట్టలేదు, నాకేం పట్టలేదు. ఆ పక్కనే తేనెపట్టు, పట్టుచీర. ఇక్కడ పుట్టిన మా పిల్లాడు ‘నిద్ర ఎవరిని పట్టుకుంది’ అని అడిగాడు, ఏం చెప్పను?

పాతపంతులు:
అమ్మా, పట్టుచీరలో పట్టు వేరే మాట. పలకడం ఒకటే, అంతే. నదికి ఉండే బ్యాంక్, డబ్బులేసే బ్యాంక్ లాగా. వేర్వేరు మాటల్ని ఒకే ఖాతాలో వేస్తే లెక్కెలా తేలుతుంది?

గోదారిగట్టు:
దొరికారు మాస్టారూ! ‘గుంపు’ అనే అర్థంలో ‘సెట్’ అనే నామవాచకం పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, లాటిన్‌లో ‘సెక్టా’. ‘ఉంచు’ అనే క్రియ అచ్చమైన పాత ఇంగ్లిష్. క్రియ ప్రభావం తర్వాత దాని మీద పడింది కానీ మూలం వేరు. మరి మీ టీవీ సెట్, టెన్నిస్ సెట్, సమితి ఏ ఖాతాలో వేశారు?

పాతపంతులు:
ఫోన్‌లో చూసి నాకు పాఠం చెప్తున్నారా? నలభై ఏళ్ళు ఇంగ్లిష్ చెప్పాను. మీలాంటి తండ్రులే క్విజ్ అయ్యాక అర మార్కు కోసం స్టాఫ్ రూం మీదికొస్తారు. కార్డు రాసేది నేను, తిట్లు తినేది నేను.

బిట్టు_హైద్రాబాద్:
ఓహో, కార్డు మాస్టారిదన్నమాట!

పాతపంతులు:
ఆ కార్డు కాదయ్యా. అలాంటివి చాలా రాశాను, అంటున్నాను.

గోదారిగట్టు:
నాకు కప్పు గోల లేదండీ. ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ‘రన్’ అనగానే ఆ జడ్జి మైకు తియ్యకుండానే ‘పరుగుకి అన్ని అర్థాలేంటమ్మా, తెలుగు మీడియమా?’ అని నవ్వాడు. హాలంతా నవ్వింది. ఇంటికొచ్చి ఆ నోట్‌బుక్కు అటక మీద పడేసింది. అడిగితే మాట్లాడదు.

లలిత_డల్లాస్:
ఇది మొదటే చెప్పాల్సిందండీ.

గోదారిగట్టు:
మొదట చెప్తే ‘పిల్ల ఏడ్చిందని వచ్చాడు’ అంటారు. 645 అంటే కనీసం లెక్కలు మాట్లాడతారనుకున్నా.

పాతపంతులు:
మైకు ముందు నవ్వడం తప్పు. నేనున్నా ఊరుకునేవాణ్ణి కాదు. ఆ నోట్‌బుక్కు కిందికి దించి రెండు పేజీలు ఫోటో తీసి పెట్టండి, చూస్తాను. కానీ కార్డు మాత్రం రైటే.

గోదారిగట్టు:
మళ్ళీ కార్డా మాస్టారూ!