‘సహజ ప్రతిభ’ పునరుక్తి అవుతుందా?

ప్రతిభ అంటేనే పుట్టుకతో వచ్చే శక్తి కనుక దాని ముందు ‘సహజ’ అని చేర్చడం పునరుక్తి దోషమని కొందరి అభ్యంతరం. పైకి సబబుగానే తోచినా, ఆలంకారికుల, అంటే కావ్యశాస్త్రం రాసినవారి, వాడుక ఈ అభ్యంతరానికి అనుకూలంగా లేదు. దండి కావ్యాదర్శంలో కావ్యసంపదకు కారణాలు చెబుతూ ‘నైసర్గికీ చ ప్రతిభా’ అని మొదలుపెట్టి, ఆ తరువాతే నిర్మలమైన పాండిత్యాన్నీ, ఎడతెగని అభ్యాసాన్నీ లెక్కించాడు. ప్రతిభ అనగానే పుట్టుక దానంతటదే స్ఫురించేటట్లయితే ఆయనకు ఆ విశేషణంతో పని లేదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో మరింత విడమరచి, కవికి ఉపకరించే కారయిత్రీ ప్రతిభ మూడు విధాలనీ, జన్మాంతర సంస్కారం వల్ల కలిగేది సహజ, ఈ జన్మ సంస్కారం వల్ల కలిగేది ఆహార్య, మంత్రతంత్రాదుల ఉపదేశంతో వచ్చేది ఔపదేశిక అనీ చెప్పాడు. ఆ లెక్కన ‘సహజ ప్రతిభ’ శాస్త్రం పెట్టిన పేరే.

వ్యుత్పత్తి చూసినా ప్రతిభలో పుట్టుక ప్రసక్తి లేదు. ‘భా’ ధాతువుకు ప్రకాశించడమని అర్థం. ‘ప్రతి’ చేరితే మనసుకు తోచడం, స్ఫురించడం. పుట్టుక ఉన్నది ‘సహజ’లో: సహ, అంటే కూడా, జ, అంటే పుట్టినది. కర్ణుడి సహజ కవచకుండలాలు అన్నప్పుడు ఈ అర్థం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. సహజవాయువు, ‘అలా అనుకోవడం సహజమే’ వంటి వాడుకల్లో అది పలచబడింది. ‘పుట్టుకతో వచ్చిన సహజ ప్రతిభ’ అని రాసేవారి చేతిలో మాత్రం నిజంగానే పునరుక్తి ఉంది. తప్పు పట్టదలచుకుంటే అక్కడ పట్టవచ్చు.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది పోతన భాగవతంలో స్కంధం చివర వచ్చే గద్య. ‘శ్రీ పరమేశ్వర కరుణాకలిత కవితావిచిత్ర, కేసనమంత్రిపుత్ర, సహజపాండిత్య పోతనామాత్య’ అని అందులో ఉంటుంది. ప్రతిభను కాక పాండిత్యాన్ని సహజమనడం సాహసమే, ఎందుకంటే లోకం దృష్టిలో పాండిత్యం గురువు దగ్గర కూర్చుని గడించవలసిన వస్తువు. అయితే ‘పండా’ అంటే బుద్ధి అనీ, అది కలవాడే పండితుడనీ వైయాకరణులు చెప్పే అర్థం తీసుకుంటే ఈ సమాసంలో వైరుధ్యం తగ్గుతుంది. నాకు మాత్రం ఆ వైరుధ్యమే అందంగా తోస్తుంది.

నేటి పత్రికలు ‘పదో తరగతి ఫలితాల్లో ప్రతిభ కనబరిచిన విద్యార్థులు’ అన్నప్పుడు ప్రతిభ అంటే మార్కులు, అంటే కష్టపడి సాధించినది. అర్థం అటు జరిగిన కొద్దీ ‘సహజ’ అవసరం పెరుగుతుందే కానీ తగ్గదు.

పుట్టుకతో రావడమనే ఈ అర్థానికి అచ్చతెలుగులో ‘అబ్బు’ అనే క్రియ ఉందని కొందరంటారు. ‘తాత గొంతు మనవడికి అబ్బింది’ అన్నప్పుడు అది సరిగ్గా అతుకుతుంది. కానీ ‘వాడికి చదువు అబ్బలేదు’ అనీ, ‘చెడు సావాసంతో దురలవాట్లు అబ్బాయి’ అనీ కూడా అంటాము. వాటిలో పుట్టుకతో వచ్చినది ఏదీ లేదు.