ఐర్లండ్ డొనెగల్‌లో మా ఇంటికి మైకా (కాంక్రీటు బ్లాకుల్లో కలిసిన అభ్రకం) పగుళ్ళు, గవర్నమెంటు గ్రాంటుకి ఎలా వెళ్ళాలి?

గోదారిపిల్ల:
నమస్తే అండీ. మేం లెటర్‌కెన్నీ దగ్గర ఉంటాం, నేను నర్సుని. 2019 ఆగస్టులో ఈ ఇల్లు కొన్నాం, సర్వే చేసినాయన గోడల గురించి ఒక్క ముక్క రాయలేదు. పోయిన చలికాలం వంటింటి కిటికీ కింద వెంట్రుకంత గీత కనిపిస్తే ప్లాస్టరు పగులే కదా అని పుట్టీ పెట్టాం. ఇప్పుడది సాలెగూడులా గోడంతా పాకింది, మూల దగ్గర 2 యూరోల బిళ్ళ నిలువుగా దూరిపోతోంది. నిన్న మావారు పెచ్చు ఊడదీసి లోపలి బ్లాకుని గోటితో గీకితే తడి రవ్వలా అరచేతిలోకి రాలింది. మా నాన్న రాజమండ్రిలో తాపీమేస్త్రీ, వీడియోకాల్‌లో చూసి "ఇది ప్లాస్టరు తప్పు కాదమ్మా, లోపల బ్లాకే చచ్చిపోయింది" అన్నారు. రాత్రంతా నిద్ర లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు మాకు సంబంధం లేదన్నారు, లోన్ ఇంకా 22 ఏళ్ళు ఉంది. గవర్నమెంటు మొత్తం ఇస్తుందని ఒకరు, సగం మన నెత్తినే అని ఇంకొకరు. టెస్టులకే వేల యూరోలు ముందు పెట్టాలట, నిజమేనా?

ఇనిషోవెన్ తెలుగోడు:
అక్కా, టెస్టుల మాట పాత స్కీముది. 2020లో మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది 90 శాతమే, అదీ 2,47,500 యూరోలు దాటకుండా. డొనెగల్, మేయో కౌంటీల జనం 2021లో డబ్లిన్ వెళ్ళి రోడ్ల మీద నిలబడి 100 శాతం కావాలని పట్టుబడితేనే 2022లో కొత్త చట్టం, 2023లో కొత్త స్కీము వచ్చాయి. ఇప్పుడు మీరు ముందుగా ఒక ఇంజనీరుతో బిల్డింగ్ కండిషన్ అసెస్‌మెంట్ రిపోర్టు చేయించి కౌంటీ కౌన్సిల్లో దరఖాస్తు పెట్టాలి. డ్యామేజీ వాళ్ళు పెట్టిన హద్దు దాటిందని తేలితే హౌసింగ్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ తన ఇంజనీరుని పంపి, గోడలోంచి శాంపిళ్ళు తీయించి ల్యాబుకి పంపుతుంది, ఆ ఖర్చు వాళ్ళదే. ఇల్లు మొత్తం కూల్చాలా, బయటి గోడ మారిస్తే చాలా అన్నది అక్కడ తేలుతుంది.
ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇక పుట్టీ పెట్టకండి. పగులు కనిపించాలి. స్కేలు పక్కన పెట్టి తేదీతో ఫొటోలు తీసి ఉంచండి.

బాలినా నుంచి:
ఆశ పెట్టి తర్వాత ఏడిపించడం నాకు ఇష్టం లేదండీ, అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. 100 శాతం అన్నా, ఇచ్చేది చదరపు అడుగుకి ఇంత అని వాళ్ళు కట్టిన లెక్క ప్రకారమే. మొదట 4,20,000 యూరోల పరిమితి, తర్వాత 4,62,000 చేశారు. మా మేయోలో మైకా కాదు, పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), కానీ బాధ ఒకటే. మేం కూల్చి కట్టుకున్నాం, కాంట్రాక్టరు కొటేషన్‌కీ గ్రాంటుకీ మధ్య తేడా చేతి నుంచే వేసుకున్నాం. అద్దె ఇంటికి 15,000 దాకా, సామాను దాచుకోడానికి 5,000 దాకా కూడా ఇస్తారు, అది వదులుకోకండి. స్కీము మొదలైనప్పుడు పునాదుల్ని లెక్కలోకి తీసుకోలేదు, నాకు అన్నిటికంటే కోపం దాని మీదే. కుళ్ళిన కాంక్రీటు మీద కొత్త గోడ కట్టుకుని పిల్లల్ని ఎలా పడుకోబెడతాం?
బయటి గోడ ఒక్కటే మార్చమంటే సంతకం పెట్టే ముందు బాగా ఆలోచించండి. లోపలి గోడలోనూ అవే బ్లాకులు ఉంటాయి. తర్వాత మళ్ళీ పాడైతే 40 ఏళ్ళలోపు రెండో గ్రాంటు అడిగే హక్కు ఉంది, కానీ రెండోసారి ఇల్లు ఖాళీ చేసే ఓపిక ఎవరికుంటుంది? తేడా మనం భరిస్తే మొత్తం కూల్చుకోవచ్చు.

కాంక్రీటు ల్యాబ్ మనిషి:
మీరు కొన్న తేదీ మీకు కలిసొచ్చింది. 2020 జనవరి 31 నుంచి కొన్నవాళ్ళకి లోపం తెలిసి, లేదా తెలిసి ఉండాల్సిన పరిస్థితిలో కొంటే గ్రాంటు రాదు. కొన్న కాగితాలు జాగ్రత్త.
మస్కొవైట్ మైకా రేకుల్లా ఉంటుంది, సిమెంటుని సరిగ్గా పట్టనివ్వదు, నీళ్ళు పీలుస్తుంది, అవి గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ బ్లాకు ఇంకాస్త వదులవుతుంది. డొనెగల్‌లో ప్రధాన కారణం ఇదేనని 2017లో నిపుణుల కమిటీ రాసింది. కానీ పైరైట్ లాంటి ఐరన్ సల్ఫైడ్ల వల్లేనని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి కాబట్టి ల్యాబు రిపోర్టులో సల్ఫర్ లెక్క కూడా చూడండి.

గోదారిపిల్ల:
అందరికీ చాలా థాంక్స్ అండీ. రాలిన పొడిని పచ్చడి సీసాలో పోసి పెట్టాను. సోమవారం నైట్ డ్యూటీ దిగి నేరుగా కౌన్సిల్ ఆఫీసుకే వెళ్తున్నా. బాలినా అండీ, మీ ఇల్లు కూల్చడం నుంచి మళ్ళీ చేరేదాకా ఎన్ని నెలలు పట్టింది? పాప స్కూలు చూసుకోవాలి.

బాలినా నుంచి:
పదిహేను నెలలు. అద్దె ఇల్లు స్కూలు పక్కనే ఇప్పటినుంచే వెతకండి, కూల్చేవాళ్ళంతా దానికోసమే తిరుగుతున్నారు.