పుంజులు తన్నుకుంటున్న దొడ్లోకి కొత్త పెట్టపిల్లల్ని ఎప్పుడు వదలాలి?

గోదారి కోడలు:
నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. దొడ్లో నాలుగు నాటు పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. పుంజులు ఒక తల్లి పిల్లలే, ఒకటి డేగ, ఒకటి కాకి. మొన్నటిదాకా కలిసే తిరిగాయి. ఇప్పుడు పొద్దున్నే గూడు తలుపు తీస్తే చాలు, మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎగిరి తన్నుకుంటున్నాయి. కాకి జుట్టంతా రక్తం. బకెట్‌తో నీళ్లు కొట్టి విడదీస్తున్నాను, కాసేపటికి మళ్లీ మొదలు.

ఈలోగా ఆరు గ్రామప్రియ పెట్టపిల్లల్ని తెచ్చాం, రెండున్నర నెలలవి. వసారాలో గంప కింద ఉంచాను. పెద్ద పెట్టల్లో ఒక ఎర్రది ఉంది, అది గంప కంతల్లోంచే వీటిని పొడుస్తోంది. వదిలితే ఏమవుతుందోనని టెన్షన్. మావయ్యగారేమో "పుంజన్నాక తన్నుకోదా" అంటున్నారు, రెండిట్లో దేన్నీ ఇవ్వనంటున్నారు. పందేలకి కాదండి, ఆయనకి పొద్దున్నే వాటిని చూసుకోవడం ఇష్టం.

చేను గట్టు:
అమ్మా, మీ దొడ్లో ఉన్నవి రెండు తగాదాలు. పుంజులది పెత్తనం గొడవ. పెట్టలది మేతా, గూట్లో చోటూ. ముందు పుంజుల సంగతి తేల్చండి, అది తేలకుండా పిల్లల్ని వదిలితే తన్నులాట మధ్యలో పడి నలిగేవి అవే.

డేగ, కాకి అనేవి రంగును బట్టి పెట్టిన పేర్లు, జాతి చెప్పవు. కాళ్లూ మెడా పొడుగ్గా, ఒళ్లు రాయిలా, జుట్టు చిన్నగా ఉంటే అసీల్ అనే పందెం జాతి రక్తం ఉన్నట్టే. మామూలు నాటు పుంజు ఓడితే పక్కకి తప్పుకుంటుంది, ఆ తర్వాత కలిసి మేస్తాయి. అసీల్ పుంజు తప్పుకోదు, ఒకటి చచ్చేదాకా పోతుంది. అలాంటివైతే జన్మలో కలిపి వదలకండి. నీళ్లు కొట్టి విడదీసి మళ్లీ అదే దొడ్లో వదిలితే మీ చేతులు నొప్పి తప్ప లాభం లేదు.

లెక్క ప్రకారం ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. మీకున్నవి నాలుగు. పిల్లలు ఎదిగినా పదే. మావయ్యగారికి రెండూ కావాలంటే తాటాకు దడి కట్టి ఒకదాన్ని అవతల ఉంచండి. జాలీ మాత్రం వద్దు. ఒకదానికొకటి కనబడితే జాలీ మీదే రోజంతా తన్నుకుని గోళ్లు ఊడగొట్టుకుంటాయి. రోజు మార్చి రోజు ఒక్కోదాన్ని పెట్టలతో వదలొచ్చు.

పిల్లలకైతే జాలీయే కావాలి. పెద్దవి మేసే చోటే ఓ మూల జాలీ కట్టి లోపల వదలండి. రెండు మూడు వారాలు ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ మేస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది. కలపడం మాత్రం మీ పెట్టల్లో చిన్నదాని సైజుకి వచ్చాకే. లేతపిల్లని పుంజు తొక్కితే వీపు చీరుకుపోతుంది.

ఆ ఎర్రదాన్ని వారం రోజులు వేరే గంప కింద వేయండి. తిరిగొచ్చేసరికి దాని పెద్దరికం మిగతావి పంచుకుంటాయి, కొత్త కోడలిలా ఒదిగి ఉంటుంది. (కోడలు గారు ఏమీ అనుకోవద్దు.)

ఖమ్మం పెరడు:
ఇంత తతంగం ఎందుకండీ? మా అమ్మమ్మ చీకటి పడ్డాక కొత్తవాటిని గూట్లో పాతవాటి మధ్యలో పెట్టేసేది. తెల్లారేసరికి కలిసిపోయేవి.

చేను గట్టు:
సైజు సమానంగా ఉంటే అది బాగానే పనిచేస్తుందమ్మా. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి రాత్రి గొడవ ఉండదు. చిక్కంతా తెల్లారాకే. గూడు ఇరుకు, పారిపోయే దారి ఉండదు. మీ అమ్మమ్మగారు కోడి కూయగానే లేచి తలుపు తీసేవారు. మనం ఏడింటికి లేస్తే లోపల ఏదో ఒకటి నెత్తురోడుతూ ఉంటుంది. రక్తం కనబడితే ఎర్రదే కాదు, మందంతా పొడుస్తుంది. గాయపడ్డదాన్ని వెంటనే వేరు చేసి పసుపు రాయాలి.

పశువైద్య సహాయకుడు:
కలిపే ముందు ఇంకో మాట. కొత్తవి పైకి బాగానే ఉన్నా తెగులు మోసుకురావచ్చు. మూడు నాలుగు వారాలు దూరంగానే ఉంచండి, జాలీ కట్టడం ఆ తర్వాతే. ముందు పాతవాటికి మేత వేసి, ఆఖర్న కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. రెక్కల కింద పేలు, గోమార్లు చూడండి. కొక్కెర తెగులుకి రెండు టీకాలు ఉంటాయి, మొదటి వారంలో లసోటా చుక్కలు, రెండు నెలలకి ఆర్2బి ఇంజెక్షన్. మీవాటికి రెండోది పడిందో లేదో కనుక్కోండి. పాత పెట్టలకీ ఎప్పుడూ వేయించకపోతే ఆసుపత్రిలో అడగండి.

పెద్దవాటికి లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్లకని అమ్మేది) పెడుతుంటే పిల్లల నోటికి అందనివ్వద్దు. అందులో సున్నం ఎక్కువ, గుడ్డుకి రాని పిల్లలకి మూత్రపిండాలు పాడవుతాయి. గ్రామప్రియ గుడ్డుకి రావడానికి ఐదున్నర నెలలు పడుతుంది.

గోదారి కోడలు:
చాలా థ్యాంక్సండి. లేయర్ మేత లేదు, నూకలూ తవుడే. పిల్లల గంపని వసారాలోంచి ఇంటి ముందు పాకలోకి మార్చేశాను. ఎర్రది గంప కింద ఉంది, ఒకటే అరుపులు. దడి సంగతి చెబితే మావయ్యగారు "జైల్లో పెడతారా నా డేగని" అని అలిగారు. సాయంత్రం కాకి కన్ను వాచింది చూసి, తాటాకులు ఎవరింట్లో ఉన్నాయో ఆయనే వాకబు చేస్తున్నారు. కలిపే రోజు మేత ఎలా వేయాలండి?

చేను గట్టు:
సాయంత్రం, చీకటి పడ్డానికి గంట ముందు కలపండి. పెద్దవాటికి ముందే కడుపు నిండా పెట్టండి. నూకలు ఒకే చోట కుప్ప పోయకుండా నాలుగైదు చోట్ల జల్లండి, నీళ్ల మూకుళ్లు రెండు మూడు పెట్టండి. ఓ పాత మంచం గోడకి వాల్చి ఉంచితే పిల్లలు దాని వెనక దూరతాయి. రెండు వైపులా దారి వదలండి, ఒకవైపే ఉంటే మూలకి తోసి పొడుస్తాయి. ఆ పూట పుంజులు రెండూ దడి అవతలే ఉండాలి. కాకి కన్ను రేపటికి తెరుచుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఖమ్మం పెరడు:
అవతల రెండిటినీ కలిపి పెట్టేరు! ఒకదాన్ని గంప కింద వేయండి.