టాంగన్యికా నత్తలకు సముద్రపు గుల్లలెందుకు?

ప్రశ్న: ఆఫ్రికాలోని టాంగన్యికా మంచినీటి సరస్సే కదా, మరి అక్కడి కొన్ని నత్తల గుల్లలు మన చెరువు నత్తల్లా నున్నగా కాకుండా మందంగా, గట్లతో, ముళ్లతో సముద్రపు శంఖాల్లా ఎందుకున్నాయి? ఒకప్పుడు అది సముద్రమా?

జవాబు: కాదండీ. 1890ల్లో మూర్ అనే జీవశాస్త్రవేత్త కూడా అలాగే అనుకున్నాడు, తర్వాత తప్పని తేలింది.

ఇంకో జవాబు: పీతల్ని చూడండి! ఆ సరస్సులో మాత్రమే ఉండే ప్లాటీథెల్ఫూసా పీతల్లో ఒక జాతి పెద్ద డెక్కలతో గుల్లల్ని నలగ్గొట్టి తింటుంది, పల్చని గుల్ల నత్త అక్కడితో సరి, మందపు గుల్లది విరిగిన అంచు అతికించుకుని బతికి పిల్లల్ని కంటుంది, ఇలా లక్షల ఏళ్లు. గుల్లల మీద ఆ మానిన మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. నాకు బాగా నచ్చే ఆధారం అదే.

అడిగినవారు: మచ్చల సంగతి అస్సలు తెలియదు, థాంక్సండీ!