కప్పమా, బత్తెమా? అట్టిలాకు పంపిన బంగారాన్ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: రోమన్లు హూణుల రాజు అట్టిలాకు ఏటేటా బంగారం పంపేవారు కదా, దాన్ని ‘కప్పం’ అనొచ్చా? ‘పరిహారం’, ‘చౌతు’, ‘కానుక’ కూడా తట్టాయి.

— కప్పమేనండీ. పరిహారం జరిగిన నష్టానికి ఇచ్చేది. చౌతు ఆదాయంలో నాలుగో వంతు, ఇక్కడ వంతు లేదు, తూకమే. మొదట ఏడాదికి 350 పౌన్లు, క్రీ.శ. 435 ప్రాంతంలో మార్గస్ ఒప్పందంతో 700, తర్వాతి ఓటములతో 2,100, పైగా బకాయి కింద ఒకేసారి 6,000. తూకం మార్చేటప్పుడే చాలామంది పొరబడతారు. రోమన్ పౌను సుమారు 327 గ్రాములు, ఇంగ్లీషు పౌను 453. కాబట్టి 2,100 పౌన్లంటే దాదాపు 687 కిలోలు, 952 కాదు. పౌనుకు 72 సాలిడస్ నాణేలు. హూణుల చెర నుంచి పారిపోయి వచ్చిన రోమన్ ఖైదీకి తలకు 8 నాణేలు, తర్వాత 12 కట్టేవారు. దాన్ని మాత్రం కప్పంలో కలపకండి, అది ‘విడుదల సొమ్ము’.

— పై జవాబుకు ఒక చేర్పు. ఎవరి నోట వచ్చిన మాటో చూసి రాయాలి. 449లో రాయబారులతో అట్టిలా కొలువుకు వెళ్లిన చరిత్రకారుడు ప్రిస్కస్ ఈ సంగతి రాశాడు: రోమన్ చక్రవర్తి అట్టిలాకు సేనాని బిరుదు ఇచ్చాడు, కప్పం అన్న మాట పైకి రాకుండా ఆ సొమ్మును సేనానులకిచ్చే తిండిగింజల ఖర్చు పేరుతో పంపేవారు. దీనికి మనకు అచ్చంగా సరిపోయే మాట ‘బత్తెం’. అట్టిలా ఊరుకున్నాడా? కప్పం కడుతున్నాడు గనుక తూర్పు రోమన్ చక్రవర్తి థియోడోసియస్ తనకు బానిస అన్నాడు. పాత తెలుగులో కప్పాన్ని ‘అరి’ అని, కట్టేవాణ్ణి ‘అరిగాపు’ అని అనేవారు. అట్టిలా కోపం ఆ మాటలో బాగా పలుకుతుంది.

— ‘హూణులు’ అన్నచోట కూడా జాగ్రత్త. పాత తెలుగు పుస్తకాల్లో హూణభాష అంటే ఇంగ్లీషు. మొదటిసారి ‘అట్టిలా హూణులు’ అని రాస్తే తికమక ఉండదు.

— ‘కానుక’ను కొట్టేయకండి, దాని చోటు దానికుంది. థియోడోసియస్ తర్వాత 450లో గద్దెనెక్కిన మార్కియన్ పాత ఒప్పందపు కప్పం కట్టనన్నాడు. శాంతిగా ఉంటే కానుకలిస్తాం, యుద్ధమంటే మా దగ్గరా మనుషులు, ఆయుధాలు ఉన్నాయని తూర్పు రోమన్లు జవాబు పంపారు. ఆ వాక్యంలో రెండు మాటలూ విడివిడిగా ఉండి తీరాలి. రెంటికీ కప్పమనే రాస్తే మార్కియన్ దేన్ని కాదన్నాడో చదివేవాడికి తెలియదు.