అప్‌డేట్: బంపర్ క్లెయిమ్‌లో కోసిన సొమ్ము వచ్చింది

కావలి దగ్గర హైవే మీద లారీ వెనుక నుంచి తగిలి మా కారు బంపర్ పగిలితే, జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని తరుగు కోయకుండా ఇచ్చే) పాలసీ ఉన్నా బీమా కంపెనీ ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోసిందని, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లే సర్వేయర్ (కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే వ్యక్తి) నివేదిక నకలు రాతపూర్వకంగా కోరితే, "పైనుంచి రావాలి సార్" అంటూ నెల్లూరు శాఖవారు చాలాకాలం తిప్పారు. తీరా చేతికందిన నివేదికలో జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ (అదనపు రక్షణ) గడికి ఎదురుగా "లేదు" అని ఉంది. పాలసీ పత్రంలో మాత్రం దానికి వసూలు చేసిన ప్రీమియం స్పష్టంగా అచ్చయి ఉంది. ఆ రెండు పేజీలనూ జతచేసి ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, ఆపైన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేశాక, అంతవరకు ఫోనెత్తని మేనేజరుగారే స్వయంగా ఫోన్ చేశారు (మర్యాద అప్పుడు గుర్తొచ్చింది కాబోలు). క్లెయిమ్‌లో యజమానే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు పోను మిగతాది ఖాతాలో పడింది. హైదరాబాద్‌లోని బీమా వివాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాల్సిన పని లేకపోయింది. వర్క్‌షాపు నుంచి కారు విడిపించడానికి తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం నేనే కట్టుకున్నాను.