మోహరమునఁ దా నెక్కినఁ బారని గుర్రము

భవానీపురం:
అందరికీ నమస్కారమండీ. మా అమ్మాయి ఆరో తరగతి. నిన్న సుమతి పద్యం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. భావం చెప్పవే అంటే "మొహర్రం రోజు ఎక్కిన గుర్రం" అంది. మా వీధి చివరే పీర్ల చావిడి ఉంది, దాన్ని అనడానికి లేదు. మోహరం అంటే యుద్ధం అని సర్దిచెప్పాను. అప్పుడు ఇంకో ప్రశ్న వేసింది: "యుద్ధం చూసి గుర్రానికి భయమేసి ఉంటుంది, ఆ మాత్రానికే వదిలేస్తారా?" దానికేం చెప్పాలో తోచలేదు. పద్యం కింద పెడుతున్నాను, పెద్దలు చెప్పండి.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బారని గుర్రము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ!

లబ్బీపేట:
పేపర్లో రోజూ చూసే "సరిహద్దులో బలగాలు మోహరించాయి" ఈ మోహరానికి చుట్టమే. పారు అంటే పరుగెత్తు. ఇప్పుడు మనకు కాలవలో నీళ్ళే పారుతున్నాయి. మనుషులు పారడం మానేశారు, పారిపోవడం ఒక్కటే మిగిలింది.

బ్రాడీపేట:
అమ్మా, ముందు పదాలు విడదీద్దాం. "ఎక్కిన గుర్రం" అని కలిపి చదివేస్తే అసలు రసం పోతుంది. మోహరమునన్, తాన్, ఎక్కినన్, పారని. ద్రుతం, అంటే ఆ చివరి "న్", పక్కన ఉంది కాబట్టి పకారం బకారమై "బారని" అయింది. ఎక్కినన్ అంటే ఇక్కడ "ఎక్కితే" అని. యుద్ధంలో తాను ఎక్కితే పరుగెత్తని గుర్రం. అంటే మిగతా రోజుల్లో ఆ గుర్రం బాగానే పరుగెత్తుతుంది! ఊరేగింపులో మెడ ఎగరేసుకుంటూ నడిచి ఉంటుంది. చుట్టం సంగతీ అంతే కదా. పెళ్ళికీ పేరంటానికీ ముందే వచ్చి కూర్చుంటాడు, అక్కర పడ్డప్పుడే కనపడడు.

ఇక "గ్రక్కున", అంటే వెంటనే. దీన్ని ప్రాస కోసం పడిన మాట అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఈ శతకం బద్దెనదనీ, కాకతీయుల కాలం నాటిదనీ చెబుతారు. ఆ రోజుల్లో యుద్ధానికి పనికొచ్చే మేలుజాతి గుర్రం ఇక్కడ సులువుగా దొరికేది కాదు. అరేబియా నుంచి, పారశీకం నుంచి ఓడల్లో రావాలి. దారిలో చాలా చచ్చిపోయేవి. విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఒక ముచ్చట చెప్పాడు. సాళువ నరసింహరాయలు మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల (అప్పటి బంగారు నాణేలు) లెక్కన కొనేవాడట, చచ్చినవీ బతికినవీ కలిపి! సముద్రంలో చచ్చిన గుర్రం తోక పట్టుకొచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బిచ్చేవాడట. "ఏనుగు చచ్చినా వెయ్యి, బతికినా వెయ్యి" అనే మనకు ఇదేమీ వింత కాదు. తరవాత కృష్ణదేవరాయలు, 1515లో మన కొండవీడునూ, ఆ తరవాత మీ కొండపల్లినీ గజపతుల నుంచి గెలిచినాయన, రాజనీతి చెబుతూ ఏమన్నాడంటే: దూర దీవుల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్ళూ మంచి ఇళ్ళూ ఇచ్చి దగ్గర ఉంచుకోవాలి, లేకపోతే ఆ సరుకు శత్రువు చేతికి పోతుంది.

అంత పోసి కొన్న గుర్రాన్ని ఎవరు వదులుకుంటారు చెప్పండి? ఇంకోసారి అదిలించి చూస్తాడు, మడమతో పొడుస్తాడు, కళ్లెం గుంజుతాడు. ఈలోపు ఎదుటివాడి బల్లెం దిగిపోతుంది. ధర చూసుకుని తాత్సారం చేసేవాడి కోసమే "గ్రక్కున" అన్నాడు. చుట్టాన్నీ వేల్పునూ నింపాదిగా వదులుకోవచ్చు, కొంప మునగదు. గుర్రం విషయంలో మాత్రం అంత తీరిక ఉండదు.

పటమట:
మాస్టారూ, పారని గుర్రాన్ని మొన్న పెళ్ళిళ్ళ సీజన్లో మా వీధిలోనే కళ్ళారా చూశాను. పెళ్ళికొడుకు తెల్ల గుర్రమెక్కి వస్తున్నాడు, ముందు బ్యాండు. ఎవడో కుర్రాడు వెయ్యివాలా అంటించాడు. గుర్రం చెవులు వెనక్కి పడుకోబెట్టేసింది, కంటి తెల్లగుడ్డు కనపడుతోంది, ముక్కుపుటాలు టపటపా ఎగురుతున్నాయి. నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడిపోయింది. జనం "హేయ్ హేయ్" అని వెనకనుంచి తోలుతున్నారు. గుర్రం పట్టుకున్న ముసలాయన ఎవర్నీ ఏమీ అనలేదు. భుజం మీద తువ్వాలు తీసి దాని కళ్ళ మీద కప్పాడు, మెడకింద నిమురుతూ మెల్లిగా తల గోడవైపు తిప్పాడు. "టపాసులు ఆపండి బాబూ, నేను నడిపిస్తా" అన్నాడు. ఆపమంటే ఎవరు వింటారు! చివరికి పెళ్ళికొడుకే గ్రక్కున దిగి నడిచి వెళ్ళాడు.

అరండల్‌పేట:
ఆ ముసలాయనకు దండం పెట్టాలి. నేను సైన్యంలో జంతు రవాణా యూనిట్‌లో చేశాను, కంచర గాడిదలతో. మేము ఖచ్చర్ అనేవాళ్ళం. మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న, చెల్లెమ్మా. గుర్రం పుట్టుకతోనే బెదురు జంతువు. గడ్డి తినేది, కొమ్ములు లేవు, కోరలు లేవు, దానికున్న ఆయుధం పరుగు ఒక్కటే. చప్పుడు వస్తే దూరంగా పోవాలని దాని నెత్తురులో ఉంటుంది. మనమేమో చప్పుడు వచ్చేవైపే పరుగెత్తమంటాం. అది నేర్పితే వచ్చేది, ఎక్కి కూర్చోగానే వచ్చేది కాదు. దాణా తినేటప్పుడు దూరాన ఎక్కడో తుపాకీ పేలుస్తారు. తల ఎత్తి చూసి మళ్ళీ తింటుంది. రోజులు గడిచేకొద్దీ చప్పుడు దగ్గరికి జరుపుతారు. తొందరపడి ఒక్కసారి బెదరగొడితే మళ్ళీ మొదటికొస్తుంది, ఒక్కోటి ఇక ఎప్పటికీ దారికి రాదు.

కంచర గాడిద ఇంకో రకం. మొండిది అంటారు గానీ, మోయలేని బరువు వేస్తే కదలదు, కాలు జారే చోట అడుగు పెట్టదు. కొండదారిలో ఆ మొండితనమే ప్రాణం నిలబెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళకు ఫ్రాన్సులో మోటారు బళ్ళు చాలక మన దేశం నుంచి కంచర గాడిదల కంపెనీలను తీసుకెళ్ళారు. 1940లో డంకర్క్ నుంచి సైన్యం ఓడలెక్కినప్పుడు మనవాళ్ళూ అక్కడ ఉన్నారు. మనుషులు ఓడ ఎక్కారు, జంతువులను అక్కడే వదలాల్సి వచ్చింది. మా యూనిట్లలో కంచరాలకు పేరుండదు, గిట్ట మీద నంబరే. పేరు సంపాదించుకున్నది పెడోంగి. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌వాళ్ళకు చిక్కి, వీపు మీద వాళ్ళ మెషిన్‌గన్, తూటాల పెట్టెలతో సహా తిరిగి మనవైపు నడిచొచ్చేసింది. దానికి దేశభక్తి అంటగట్టను నేను. తన దాణా ఎక్కడుందో దానికి తెలుసు, అంతే.

ఒక్క మాట అడుగుతాను మాస్టారూ, తప్పుగా అనుకోవద్దు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద పరిగెడుతుంది" అనేదీ తెలుగు మాటే కదా. సామెతేమో తప్పు రౌతుదంటుంది. పద్యమేమో గుర్రాన్ని వదిలెయ్యమంటుంది. మేమైతే జంతువు కదలకపోతే ముందు దాన్ని పట్టుకున్నవాణ్ణే నిలదీసేవాళ్ళం.

నల్లపాడు:
ఏనుగుల సంగతి ఇంకా ఘోరం. పారకపోతే ఫరవాలేదు, వెనక్కి పారితేనే కొంప మునిగేది. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండరుతో యుద్ధంలో పురుషోత్తముడి ఏనుగులు గాయాలతో బెదిరి సొంత సేననే తొక్కాయి. కార్తేజివాళ్ళ మావటీళ్ళయితే ఒక ఉలి, సుత్తి దగ్గర పెట్టుకునేవారట. ఏనుగు అదుపు తప్పి తమవాళ్ళ మీదకు తిరిగితే మెడ మొదట్లో ఉలి దించి చంపేయడానికి. లివీ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. గ్రక్కున విడవడం అంటే అది! మనకు అక్షౌహిణిలో ఏనుగుకు మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బంట్లు లెక్క. అంటే ఒక్క ఏనుగు వెనక్కి తిరిగితే దగ్గర్లో తొక్కించుకోవడానికి ఎంతమంది ఉన్నారో చూడండి. ఇంతా చేసి భారతంలో అందరికీ గుర్తున్న ఏనుగు అశ్వత్థామ. పాపం అది బెదరలేదు, పారిపోలేదు, పేరు వల్ల చచ్చింది.

లబ్బీపేట:
పావురాలను మరిచిపోయారు. బ్రిటన్‌లో జంతువుల శౌర్యానికి 1943లో పెట్టిన డికిన్ పతకం 1949 దాకా 54 ఇస్తే 32 పావురాలకే వెళ్ళాయి. గుర్రాలకు మూడే. పక్కన ఒడిశా పోలీసులు కూడా 1946లో సైన్యం దగ్గర పావురాలు తీసుకుని కబుర్లు పంపించారు. ఎగిరేవాటి మీద ఎవరూ ఎక్కరు కాబట్టి శతకకారుడు వదిలేసి ఉంటాడు.

బ్రాడీపేట:
అరండల్‌పేట తమ్ముడూ, తప్పుగా ఎందుకు అనుకుంటాను, అసలైన చోట పట్టుకున్నావు. నీ సామెతకూ ఈ పద్యానికీ తగువు లేదు. "తా" అనే అక్షరం చూడు. "మోహరమున నెక్కినఁ" అంటే సరిపోయేది, గణాలకు ఇంకేదైనా మాట దొరికేది. తాను ఎక్కితే పారని గుర్రం అన్నాడు. ఇంకొకడు ఎక్కితే పారుతుందేమో! పద్యం ఆ తలుపు మూయలేదు. విడువమన్నాడే గానీ చంపమనలేదు, తిట్టమనలేదు, చెడ్డ గుర్రమని కూడా అనలేదు. నీకూ దానికీ పొసగలేదు, దిగిపో. నేను క్లాసులో ఇలాగే చెప్పేవాణ్ణి. కొందరు పిల్లలు చుట్టానికి కూడా ఇదే వర్తిస్తుందా అని అడిగేవారు. వాళ్ళ ఇళ్ళలో ఏదో నడుస్తోందని నాకు అర్థమయ్యేది.

మంగళగిరి:
మాస్టారి అర్థం బాగుంది. కానీ లోకం అంత మర్యాదగా లేదండీ. పారిన గుర్రాలను కూడా విడిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబర్ 23న, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫాలో జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు (బల్లేల రౌతులు) మెషిన్‌గన్లకు ఎదురుగా గుర్రాల మీద వెళ్ళి ఊరు పట్టుకున్నారు. హైదరాబాద్ లాన్సర్లదీ అదే బ్రిగేడ్. ఢిల్లీ తీన్‌మూర్తిలో మూడు విగ్రహాలు ఈ ముగ్గురివే. ముగ్గురూ కాళ్ళ మీద నిలబడి ఉంటారు, గుర్రం లేదు. అదే యుద్ధానికి ఆస్ట్రేలియా లక్షకు పైగా వేలర్ గుర్రాలను పంపితే తిరిగి ఇల్లు చేరింది ఒక్కటి, శాండీ. అదీ ఒక జనరల్ గుర్రం కాబట్టి. యుద్ధం అయిపోయాక బ్రిటిష్ సైన్యం చాలా గుర్రాలను ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో డొరతీ బ్రూక్ అనే ఆవిడ కైరో వెళ్ళేసరికి అవి ఎముకల గూళ్ళై బళ్ళు లాగుతున్నాయి. చందాలు పోగుచేసి ఒక్కొక్కటే కొని, 1934లో వాటి కోసం ఆసుపత్రి పెట్టింది. కొన్నవాటిలో చాలావాటిని బాధ లేకుండా కన్నుమూయించడం తప్ప చేయగలిగింది లేకపోయింది. అక్కరకు వచ్చిన గుర్రాన్ని ఏం చేయాలో కూడా సుమతికి ఎవరైనా ఒక కందం చెప్పి ఉండాల్సింది.

భవానీపురం:
అందరికీ చాలా థ్యాంక్సండీ. బ్రాడీపేట మాస్టారు చెప్పిన "తా" సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను. "అయితే ఆ పెళ్ళి గుర్రాన్ని ఆ తాతగారే ఎక్కాల్సింది" అంది. రేపు స్లిప్ టెస్ట్ ఉంది, ఇవన్నీ రాస్తే మార్కులు వేస్తారా?

బ్రాడీపేట:
వెయ్యరు తల్లీ. పుస్తకంలో భావం ఎలా ఉందో అలాగే రాయమను. ఒక్కటి మాత్రం చూసుకో: "పారని" అన్నచోట "పరుగెత్తని" అని రాయాలి. కంగారులో "పారిపోని" అని రాశారంటే పద్యం తలకిందులై, పారిపోని గుర్రాన్ని వదిలెయ్యమన్నట్టు అవుతుంది. నేను దిద్దిన పేపర్లలో ఏటా కొందరు అలాగే రాసేవారు.